జేజి బండ మీద బన్నులు

ఒక దీపావళికి మా ఇంట్లో పొద్దు గూకకముందే మొదటి బాంబు పేలింది. అది శివకాశి సరుకు కాదు. రాజంపేటలో, మా పెరట్లో, లైబ్రరీ పుస్తకం చూసి నా చేతులతో తయారుచేసింది. పేల్చాలని నేను అనుకోలేదు సుమా. నేను చేయబోయింది బన్నులు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఈ కేసులో అసలు ముద్దాయి అదే గనక. ఇంటర్ తప్పాక కాలేజీని వదిలేశానే గానీ చదువును వదల్లేదు. మా ఊరి లైబ్రరీలో ఫ్యాను కింద ఒక కుర్చీ ఉంది. నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి ఆ కుర్చీ నా ఒంటి ఆకారానికి గుంటపడింది. తేనెటీగల పెంపకం, ధ్రువపు ఎలుగుబంట్లు, ఓడల నిర్మాణం, ఏదీ వదల్లేదు. రాజంపేటలో ఎప్పుడైనా ఓడ కట్టాల్సి వస్తే ఊరు భయపడాల్సిన పనిలేదు, నేనున్నాను. "ఫోన్లో వీడియో చూసి నేర్చుకోరాదా?" అని ఎవరైనా అంటే వాళ్లవైపు జాలిగా చూసేవాణ్ణి. వీడియో చూసినవాడికి పని వస్తుంది, పుస్తకం చదివినవాడికి ఆ పని వెనకున్న కారణం తెలుస్తుంది అని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఎంత ఎత్తుకు ఎగిరిందో కాసేపట్లో మీరే చూస్తారు.

ఆ దీపావళికి డోన్ నుంచి లచ్చుమమ్మత్త వస్తోంది. నాయనకు సొంత అక్క. మూడేళ్లుగా మా గడప తొక్కలేదు. కారణం ఒక బండ.

మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, పండగ పండగకూ ఓళిగలు, అదే బొబ్బట్లు, తట్టిన నల్లటి కడప బండ అది. పీటంత ఉండేది. ఏళ్ల తరబడి నెయ్యి తాగి అద్దంలా మెరిసేది. జేజి పోయాక నాయన దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాడు. అంతే.

"అమ్మ పక్కన కూచోని ఆ బండ మీద ఓళిగలు తట్టింది నేనా, వాడా? వాడు తినిపోయినాడు, అంతే గదా!" అని అత్త.

"అడిగింటే ఇయ్యనంటినా? అడగల్ల గదా," అని నాయన.

"నేనేల అడగల్ల? వాడే తెచ్చియ్యల్ల," అని అత్త.

ఈ మాటలు వాళ్లిద్దరూ ఎదురుగా అనుకున్నవి కావు. డోన్ నుంచి రాజంపేటకు, రాజంపేట నుంచి డోన్‌కు చుట్టాల నోళ్ల మీదుగా మూడేళ్లు తిరిగాయి. చివరికి అమ్మ ఫోన్లో బతిమాలి బామాలి అత్తను ఒప్పించింది. నాయన ఇంట్లో హుకుం జారీ చేశాడు: "మా అక్క ఉన్న రెండు దినాలూ బండ అనే మాట ఎవురి నోట్లోంచీ రాగూడదు. ఈసారి అలిగిపోయిందంటే మళ్ల నా చావుకే వస్తాది."

అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఒరే సుధాకరా, ఆ బండను యాడన్నా దాచిపెట్టురా. మీ అత్త కంట పడగూడదు."

"నాకొదిలెయ్ మా," అన్నాను. మా ఇంట్లో అందరికీ భయం పుట్టించే మాట అది.

అత్తతో నాకూ ఒక లెక్క ఉంది. మూడేళ్ల కిందట నలుగురి ముందర, "ఇన్ని పుస్తకాలు నములుతాండావు గదప్పా, ఒక సంగటి ముద్దన్నా కెలకతావా?" అంది. ఆ మాట చెప్పులో రాయిలా ఇంకా గుచ్చుతూనే ఉంది. అందుకే ఈసారి ఆమె చేతిలో వేడివేడి శొంఠి కాఫీ, పక్కన నేను కాల్చిన మెత్తటి బన్ను పెట్టాలని తీర్మానించుకున్నాను. తుఫాను ముసురు పట్టి ఉంది. వెచ్చటి తిండికి అంతకన్నా మంచి రోజు ఏముంటుంది?

సెలవులకు ముందురోజు లైబ్రరీలో పరాయి దేశపు వంటల పుస్తకం ఒకటి దొరికింది. ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. పిండి ఎంత, ఈస్టు ఎంత, ఎంతసేపు పొంగనివ్వాలి, అంతా నోటుబుక్కులోకి ఎక్కించాను. కాలిన పలక రాయి మీద పెడితే బన్నుకు వేడి సమంగా తగులుతుందట. పేజీ చివర 'రాయిని ఎంచుకునేటప్పుడు' అన్న దగ్గర వాక్యం ఆగింది. సరిగ్గా అప్పుడే లైబ్రేరియన్ ఫ్యాను కట్టేశాడు.

"లెయ్యప్పా, లెయ్. నీకు పండగ లేకున్నా మాకుండాది."

నేను పుస్తకం మూసేశాను. కడప గడ్డన పుట్టినవాడికి రాయి గురించి పరాయి దేశం పుస్తకం చెప్పాలా? మా ఇంట్లో వంటగట్టు కడప బండ, అలమర అరలు కడప బండ, బట్టలుతికేది కడప బండ. చిక్కల్లా అవన్నీ సిమెంటుతో అతికినవి. ఊడి వచ్చే బండ ఇంటిమొత్తానికి ఒక్కటే ఉంది.

దాన్నే నేను దాచాలి కూడా!

ఇక చూడండి నా బుర్ర. పెరట్లో మూడు వైపులా ఇటుకలు పేర్చి, పైన జేజి బండ పరిచి, బన్నులు పెట్టి, పాత నూనె డబ్బా బోర్లిస్తే బండ అత్త కంటికి కనపడదు. దాచినట్టూ ఉంటుంది, కాల్చినట్టూ ఉంటుంది. పైగా అన్నేళ్ల నెయ్యి వాసన బన్నులకు పడుతుంది. శుభ్రత కోసం బండను రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెట్టాను కూడా.

మధ్యాహ్నం అత్తా మామా దిగారు. నేను రేకు పందిరి కింద పొయ్యి అంటించి, డబ్బా బోర్లించి, ఏమీ ఎరగనివాడిలా వసారాలోకి వచ్చి నిలబడ్డాను. అమ్మ శొంఠి కాఫీ గ్లాసులు అందించింది.

"ఏందో మాడు వాసన వస్తాండాదే?" అంది అత్త.

"సుధాకరుడు నీకోసం బన్నులు కాలుస్తాండాడు వదినా."

"వీడా! అట్లయితే నాకు ముందు రెండు ఓళిగలు పెట్టు. ఆకలితో పడుకోలేను."

ఓళిగ అన్న మాట వినగానే నాయనకు దగ్గు వచ్చింది. అత్త చూపు మెల్లగా వంటింటి మూలకు పోయింది. బండ ఎప్పుడూ ఆనించి ఉండే మూల అది, మూడేళ్ల కిందట అత్త చూసి అలిగిపోయిన మూల.

"మాయమ్మ బండ ఆ మూలనే గదా ఉండాల్సింది? యాడ?"

నాయన అమ్మవైపు చూశాడు. అమ్మ నావైపు చూసింది. నాకు చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

"భద్రంగా ఉండాదత్తా," అన్నాను.

"భద్రంగా అంటే యాడ?"

"వెచ్చగా ఉండే తావులో..."

ఢాం!

నూనె డబ్బా రేకు పందిరిని గుద్దుకుని, గోడ దాటి పక్కింట్లో పడింది. ఇటుకలు తలోదిక్కుకు పరుగెత్తాయి. "ఎవురప్పా అది, ఇప్పుడే లక్ష్మీబాంబు కాల్చింది? మా బర్రె పలుపు తెంచుకునింది!" అని గోడ అవతల కేక. మామ కనిపించలేదు. వెతికితే మంచం కింద ఉన్నాడు, కాఫీ గ్లాసు ఒలకకుండా పట్టుకుని.

"ముప్పై ఏండ్లు రైల్వేలో చేసినా," అంది మంచం కింది గొంతు, "ఇట్లాంటి శబ్దం ఎప్పుడూ వినల్యా అల్లుడూ."

అందరం పెరట్లోకి పరిగెత్తాం. పొగలో జేజి బండ రెండు తునకలై పడి ఉంది. నాయన ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి చిన్నగా చల్లి, చల్లారాక ఒక తునక ఎత్తి, కొంగుతో మసి తుడిచింది. కింద నున్నటి నలుపు మళ్లీ మెరిసింది. అత్త కళ్లలో నీళ్లు. ఆ క్షణాన నేను కట్టాలనుకున్న ఓడ ఒకటి సిద్ధంగా ఉంటే ఎక్కి పారిపోయేవాణ్ణి.

"అక్కా..." అన్నాడు నాయన. మూడేళ్ల తర్వాత మొదటిసారి నేరుగా. "తప్పు నాదే. అప్పుడే నీకు తెచ్చియ్యాల్సింది."

అత్త రెండు తునకలూ పక్కపక్కన పెట్టి చూసింది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది!

"బతికుండంగా మాయమ్మ ఇద్దరికీ పంచల్యా. ఈ పొద్దు పంచింది సూడు తమ్ముడూ! పెద్దదాన్ని నేను, పెద్ద తునక నాది."

"తీస్కోక్కా, రెండూ తీస్కో," అన్నాడు నాయన, ముక్కు ఎగపీలుస్తూ.

అంతటితో నేను బతికిపోయాననుకున్నాను. కానీ అత్త వంగి, బూడిదలోంచి ఒక బన్ను ఏరింది. దులిపింది. చిన్న తునక మీద ఠంగున కొట్టింది. బన్ను చెక్కుచెదరలేదు. మామ చేతిలోని గ్లాసు లాక్కుని, శొంఠి కాఫీలో ముంచి, కాఫీ అంతా పీల్చుకునేదాకా నానబెట్టి, కొరికి చూసి నా భుజం తట్టింది.

"ఒరే అబ్బోడా, రాయి పగిలిందిగానీ నీ బన్ను పగల్లేదు గదరా! బండ బదులు ఇదే ఇచ్చింటే మీ నాయనకూ నాకూ కొట్లాటే లేకపోయె."

సెలవులయ్యాక నేను తిన్నగా లైబ్రరీకి పోయి, ఆ పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పాను. 'రాయిని ఎంచుకునేటప్పుడు' అవతల ఇలా ఉంది: సున్నపురాయి జాతి వద్దు, తడిసిన రాయి అసలే వద్దు, పేలుతుంది. మా కడప బండ సున్నపురాయి జాతిదేనని అదే లైబ్రరీలో అంతకు ముందు నెలలోనే చదివి ఉన్నాను. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా, అందమైన దస్తూరీతో.

కాబట్టి ఫ్యాను కింది ఆ గుంటపడిన కుర్చీ సాక్షిగా, పక్కింటి బర్రె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో పేజీ తిప్పకుండా అగ్గిపుల్ల గీయను. లైబ్రేరియన్ ఫ్యానే కాదు, కరెంటు మొత్తం కట్టేసినా సరే, వాక్యం పూర్తయ్యేదాకా కుర్చీలోంచి లేవను.