బురద కాదు వదినా

మా వదిన ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంది. తూకం వేయకుండా ఒక్క పార్సిలు మీద కూడా ముద్ర గుద్దలేదు, తెచ్చింది తన సొంత అన్నయ్యే అయినా సరే. రిటైరయ్యాక ఇంట్లో హాయిగా కూర్చుంటుందనుకుంటే, మెడలో బైనాక్యులర్ తగిలించుకుని సముద్రం ఒడ్డున పిట్టల్ని చూపించే గైడుగా తయారైంది. చలికాలం పొడుగునా ప్రతి ఆదివారం టూరు. వ్యాను నాది, డ్రైవర్ని నేనే. మా అన్నయ్య "తెల్లారకుండా లేచే జబ్బు నాకు లేదురా" అని దుప్పటి ముసుగు పెడతాడు కాబట్టి ఆ శిక్ష నాకు పడింది.

టూర్లో కూడా ఆమెవన్నీ పోస్టాఫీసు పద్ధతులే. ఫోన్లు ఆపేయాలి. ఆమె కర్రతో గీసిన గీత దాటి పిట్టల దగ్గరికి పోకూడదు. తిరిగొచ్చాక వ్యాన్లో పొడుగు పుస్తకం తెరిచి ఒక్కో పిట్ట పేరూ చదువుతుంది. చూసినవాళ్ళు చెయ్యెత్తాలి. కనీసం ఇద్దరు ఎత్తితేనే ఆ పేరు పుస్తకంలోకి ఎక్కినట్టు, లేకపోతే గీత కొట్టేస్తుంది. ఏటా ఆ పుస్తకం పక్షుల సంఘానికి వెళ్తుంది. టూర్లు నడిపించేది వాళ్ళే.

పోయిన చలికాలం ఇదే ఒడ్డున ఆమెకో పిట్ట కనబడింది. బురద ఒడ్డున తిరిగే ఉల్లంకి జాతిదే, పిచ్చుకంత ఉంటుంది, ముక్కు చివర మాత్రం చెంచాలా వెడల్పు. లోకంలో చాలా కొద్దిగానే మిగిలాయట. మిగతావాళ్ళు టెలిస్కోపు దగ్గరికి చేరేలోపే అది ఎగిరిపోయింది. ఉల్లంకులు బురదలో ముక్కులు గుచ్చి పురుగుల్ని ఏరుకుంటాయి. ఒక్కోసారి ముక్కు చివర బురద ముద్ద అంటుకుని, మామూలుది కూడా చెంచా ముక్కుదానిలా కనబడుతుంది. పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ఆ రోజు వ్యాన్లో ఒకాయన "బురదేమో మేడమ్" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. "బురదేనేమో వదినా, వదిలేయ్" అన్నాను. ఆకలి దంచేస్తోంది, ఇంటికి పోదామన్న తొందర నాది. ఆమె పుస్తకం మూసేసింది.

మాట మాత్రం సంఘం దాకా పాకింది. అక్కడి కార్యదర్శి "పెద్దావిడకు చూపు మందగించినట్టుంది" అని నవ్వాడట. ఈ ఏడు ఆ పిట్ట పుస్తకంలోకి ఎక్కితే సరే, లేకపోతే వచ్చే ఏటికి కొత్త గైడును చూసుకుంటామని కబురు పెట్టాడు. వదిన ప్రతి ఆదివారం ఆ ఒడ్డున అరగంట ఎక్కువ నిలబడేది, అంతే.

నిన్నటిది ఈ ఏటికి ఆఖరి టూరు. ఆమె ఎనిమిది మందిని వెంటబెట్టుకుని కాలువ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళింది. నేను వ్యాను దగ్గరే ఉన్నాను. నా సీటు కింద పాత బైనాక్యులర్ ఒకటి ఉంటుంది. "ఊరికే కునుకు తీసే బదులు కళ్ళు తెరిచి చూడు" అని ఆమె అంటగట్టిందే. దాంతో నేను చూసేది ఎక్కువగా దూరాన టీ బండి తెరిచారా లేదా అని. నిన్న టీ బండికీ నాకూ మధ్య, పోటు నీళ్ళు ఎక్కుతున్న అంచున, ఒక పిట్ట నిలబడింది. తల అటూ ఇటూ ఊపుతూ నీళ్ళలో ముక్కు తిప్పుతోంది. ముక్కు చివర చెంచా! ఓ చిన్న అల దాని మీదుగా పోయింది. బురదైతే కడుక్కుపోవాలి కదా! పోలేదు. ఇంకో అల వచ్చింది, మూడోదీ వచ్చింది. చెంచా అలానే ఉంది.

ఫోన్ చేద్దామంటే ఆమెది ఆఫ్. అరుద్దామంటే పిట్ట ఎగిరిపోతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంత బొజ్జ వేసుకుని పరుగెత్తాను. దారిలో బురదలో బోర్లా పడ్డాను కూడా. అందర్నీ తీసుకుని వచ్చేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు.

వ్యాన్లో వదిన పుస్తకం తెరిచింది. నలభై ఒక్క పేర్లు చదివింది, చేతులు లేచాయి. చివరికి "చెంచా ముక్కు ఉల్లంకి" అంది. నా ఒక్కడి చెయ్యే లేచింది.

"డ్రైవరుగారు టీ బండి దగ్గర చెంచా చూసుంటారు" అన్నారెవరో వెనక సీట్లోంచి. అందరూ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కళ్ళారా చూశానని చెబుతుంటే ఆ నవ్వేంటి?

అందర్నీ దింపేశాక ఇంజను ఆపాను.

"వదినా, పోయినేడు నువ్వు చూశావు, ఈ ఏడు నేను చూశాను. ఇవాళ నువ్వూ చూశానని రాసేయ్. ఇద్దరమవుతాం. ఎవడడుగుతాడు?"

"ఇవాళ నేను చూడలేదుగా."

"అబ్బబ్బ! నీ పని పోతుంది వదినా!"

"పోతే పోనీ." కళ్ళజోడు తీసి తుడుచుకుని నా వైపు తిరిగింది. "బురద కాదు కదా?"

"కాదు వదినా. మూడు అలలు ముంచినా పోలేదు."

"తల ఎలా ఊపింది?"

ఊపి చూపించాను. మెడ పట్టేసింది. వదిన చూసిన పిట్ట కూడా అచ్చం అలాగే ఊపిందట, పోయినేడు.

ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు చూశావు. నేను నమ్ముతున్నాను" అంది.

ఏడాది కిందట, ఇదే సీట్లో, ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. అన్నంత మాత్రాన పిట్ట పుస్తకంలోకి ఎక్కేది కాదు, నిజమే. కానీ ఈ ఏడాదంతా ఆ బాధ ఆమె ఒక్కర్తే మోసేది కాదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"నేనూ నమ్ముతున్నాను వదినా" అన్నాను. "నువ్వు చూసిందీ బురద కాదు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సరేలే. ముందు నీ ప్యాంటుకున్న బురద దులుపుకో, సీటు పాడవుతోంది" అంది.