వల మూలన వేసిన ముడి

ఆరేళ్లుగా ఒక ముడి నా వేళ్లలో ఉండిపోయింది. పనిలో ఉన్నప్పుడే గుర్తొస్తుంది. ఎక్కడ తాడు కనబడినా, ఏదైనా బిగించి పక్కన టిక్కు పెట్టాల్సి వచ్చినా, వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. అదీ ఒక రకం పిరికితనమే. తెలుసు.

మాది బోధన్. మెకానికల్ డిప్లొమా చేసి, రైస్ మిల్లుల్లో యంత్రాలు బిగించే పని చేస్తున్నాను. అప్పట్లో ఆదివారాలు హాకీ ఆడేవాళ్లం. మైదానంలో ఆడేది కాదు. చలిదేశాల్లో మంచు మీద ఆడతారే, అది. మాకు మంచు ఎక్కడిది? మూతపడ్డ ఒక మిల్లు వెనుక వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఉంది. కాళ్లకు చక్రాల స్కేట్లు కట్టుకుని దాని మీద ఆడేవాళ్లం. నేల మీద నాలుగు వడ్లగింజలు మిగిలినా చాలు, మనిషి జారి బోర్లా పడతాడు. అందుకని ఆటకు ముందు చూడాల్సినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. నేల ఊడ్చారా, బేరింగుల్లో దుమ్ము ఉందా, పట్టీలు గట్టిగా ఉన్నాయా, గోల్ వలలు బాగున్నాయా. మొత్తం పద్నాలుగు. చూసినదానికి టిక్కు. మావాళ్లు నన్ను లిస్టు సారు అని ఏడిపించేవాళ్లు. పైకి విసుక్కునేవాణ్ని గానీ, ఆ పేరు నాకు ఇష్టమే.

మా ఎదురు జట్టు నిజామాబాద్ వాళ్లు. ఏడాదికోసారి, ఎండాకాలంలో యాసంగి పంట వడ్లు ఎత్తేశాక, మా కల్లంలోనే ఆట. అంపైర్ ఉండడు. మొదటినుంచీ రెండు జట్లకూ ఒకటే కట్టుబాటు. ఎవరి గోల్ వెనుక వాళ్ల మనిషే నిలబడాలి. బంతి గీత దాటితే అతనే చెయ్యెత్తి "పడ్డది" అనాలి, దాటకపోతే "పడలే" అనాలి. అంటే, తన జట్టు మీద గోల్ పడిందని తన నోటితోనే ఒప్పుకోవాలి. ఆ మాటకు తిరుగు లేదు. ఎవరూ ఎదురు అడగరు. ఒట్టు అసలే అడగరు. బయటివాళ్లకు నవ్వులాటగా ఉంటుంది. మాకు మాత్రం అన్నేళ్లలో ఒక్క గొడవ కాలేదు.

ఆరేళ్ల కిందట ఆటకు ముందు నా చీలమండ బెణికింది. ఆడలేను కనుక గోల్ వెనుక నన్ను నిలబెట్టారు.

నిజామాబాద్ మీద మేము అప్పటిదాకా ఎప్పుడూ గెలవలేదు. మా కెప్టెన్ శ్రీకాంత్ అన్న తర్వాతి వారం దుబాయ్ పోతున్నాడు, అదే అతని ఆఖరి ఆట. మాకు మూడు గోల్స్, వాళ్లకు రెండు. ఇంకా రెండు నిమిషాలు ఉందనగా బంతి వాళ్ల జట్టులోని లింబాద్రి అన్నకు దొరికింది.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. పసుపు కమీషన్ దుకాణంలో గుమస్తా. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఏటా వచ్చిన వెంటనే నా నోటుబుక్కు అడిగి తీసుకుని, పద్నాలుగూ చదివేవాడు. తమ దిక్కు ఇట్లాంటోడు ఒక్కడూ లేడనేవాడు. ఎగతాళికి కాదు. ఆ లిస్టును నిజంగా చదివింది ఆయన ఒక్కడే.

ఆయన కొట్టిన బంతికి మా గోల్‌కీపర్ పక్కకు దొర్లిపడ్డాడు. బంతి ఎడమ కింది మూలన గీత దాటింది. వలలో ఆగాలి. ఆగలేదు. అది నిజాంసాగర్ చేపలవాళ్ల దగ్గర కొన్న పాత వల. మూలన తాడు తెగి, బంతి పట్టేంత సందు ఉంది. అందులోంచి వచ్చి, నా కాలిని రాసుకుంటూ పోయి, మిల్లు గోడకు తగిలింది. ముందునుంచి చూసేవాళ్లకు గోల్ కర్ర పక్కనుంచి బయటికి పోయినట్టే ఉంటుంది.

అందరూ నావైపు చూశారు.

"పడలే," అన్నాను.

లింబాద్రి అన్న నా దగ్గరికి వచ్చాడు. అరవలేదు. "తమ్మీ, గీత దాటింది. నువ్వు సూసినవ్."

"పడలే అన్నా."

"మీ అవ్వ మీద ఒట్టేసి చెప్పు."

నేను నోరు తెరవకముందే వాళ్ల కెప్టెన్ వచ్చి ఆయన భుజం పట్టుకున్నాడు. "ఎనుక నిలబడ్డోణ్ని ఒట్టు అడుగుతవారా? ఇన్నేండ్లల్ల ఎవడన్న అడిగిండా? ఓడిపోతుంటే గిదా నీ తెలివి? మన ఇజ్జత్ తీస్తున్నవ్."

మిగిలిన రెండు నిమిషాలు ఆడారు. మేము గెలిచాం. మావాళ్లు శ్రీకాంత్ అన్నను ఎత్తుకున్నారు. అందరూ చెరకు రసం బండి వైపు పోయారు. నేను వల దగ్గర కూర్చున్నాను. జేబులో తాడు ముక్క ఎప్పుడూ ఉంటుంది. సందు మూసి ముడి వేశాను. కొత్త తాడని తెలుస్తుందేమోనని దానికి వడ్ల దుమ్ము రుద్దాను. అబద్ధం ఒక్క మాటలో అయిపోయింది. దీనికి మాత్రం ఆలోచన పట్టింది, ఓపిక పట్టింది. అందుకే ఆ మాట కంటే ఈ ముడే నన్ను ఎక్కువ తింటుంది.

నేను లేచేసరికి లింబాద్రి అన్న వచ్చాడు. వంగి, ఆ మూలన వలలోని ఒక్కో కన్నులో వేలు పెట్టి చూశాడు. ఎక్కడా సందు లేదు. వాళ్ల కెప్టెన్ నాకు క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు. స్కేట్లు విప్పి, చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతో ఎండలో బస్టాండుకు నడిచాడు. మళ్లీ ఆటకు రాలేదు.

ఎందుకు చేశాను? శ్రీకాంత్ అన్న కోసం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పొద్దున నోటుబుక్కులో "వలలు" పక్కన టిక్కు ఉంది, నేను మాత్రం వలలు చూడలేదు. ఆలస్యమైందని, చూడకుండానే టిక్కు పెట్టేశాను. "పడ్డది" అంటే అందరూ వచ్చి ఆ సందు చూస్తారు. చూస్తే ఏమయ్యేది? నలుగురు నవ్వేవాళ్లు. లిస్టు సారు దొరికిండని ఒక వారం ఏడిపించేవాళ్లు. అంతేనా? అంతే. ఆ వారం ఏడిపింపు తప్పించుకోవడానికి ఒక మనిషిని అబద్ధాలకోరును చేశాను.

ఇన్నాళ్లూ ఎలాగో మోశాను. పోయిన నెల కమ్మర్‌పల్లి నుంచి ఆర్మూర్ పోయే షేర్ ఆటోలో నా పక్కన లింబాద్రి అన్నే కూర్చున్నాడు. ఒళ్లో చిన్నబిడ్డ. నేను మొహం తిప్పుకునేలోపే నవ్వాడు.

"తమ్మీ, గా దినం నిన్ను ఒట్టు అడిగిన. మస్తు తప్పు చేసిన. ఎన్నిసార్లు చెబుదామనుకున్ననో. నా కండ్లకు గట్లనే కనబడ్డది మరి. కండ్ల డాక్టర్ దగ్గర గూడ సూపించుకున్న."

"ఏమన్నడన్నా?"

"కండ్లు బరాబర్ ఉన్నయ్, అద్దాలు గూడ వద్దన్నడు. గప్పుడు సమజైంది, ఖరాబైంది దిమాగని." గట్టిగా నవ్వాడు. బిడ్డ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఒక మాట అన్నాను. ఇది రాస్తుంటే చెయ్యి ముందుకు పోవడం లేదు.

"ఇడువన్నా, ఎప్పటి ముచ్చటో. నేను మనసుల పెట్టుకోలే."

నేను ఆయనను క్షమించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కాడు, బరువు దిగినట్టు.

అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. బిగించిన బోల్టే మళ్లీ బిగిస్తున్నాను. తన కళ్లతో సరిగ్గా చూసిన మనిషి, ఆరేళ్లుగా ఆ కళ్లను నమ్మడం లేదు. ఇంకా ఎన్ని విషయాల్లో తనదే తప్పనుకుని ఊరుకున్నాడో? దానికి లెక్క ఎవరు చెబుతారు?

ఆటో దిగేటప్పుడు నంబరు ఇచ్చాడు. ఇంకా ఫోను చెయ్యలేదు. చేస్తానని మీకు మాటివ్వను, నా మాట ఎంతపాటిదో ఇప్పుడు మీకు తెలుసు. కానీ గోల్ వెనుక నిలబడి అనాల్సిన మాట ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. దాన్ని ఒక్కసారైనా బయట పెట్టకపోతే ఇవాళ నేను ఇక్కడినుంచి లేవలేను.

పడ్డది అన్నా. నేను చూసిన.