ఆదాము కుడిచెయ్యి

దుమ్ముగూడెం దగ్గరి కుష్ఠు కాలనీలో ఉండే ఆదాము రోజూ సాయంత్రం వెనకనున్న గుట్ట ఎక్కుతాడు. కాలనీలో వైద్యం చేసిన దొర డాక్టరు వెళ్లిపోతూ ఇచ్చిన, విసిరి ఆడుకునే ప్లాస్టిక్ పళ్లేన్ని గాల్లోకి విసిరి, గురికోసం సున్నం పూసిన చెట్లను ఒక్కోదాన్నీ కొట్టుకుంటూ శిఖరందాకా పోతాడు. అతని ఎడమచేతికి ముందు స్పర్శ పోయింది, తర్వాత వేళ్లు పోయాయి. కుడిచెయ్యి మాత్రం మంచిదేనని కనిపించినవాళ్లందరికీ చాచి చూపిస్తాడు.

మొన్న చివరి చెట్టును కూడా గురి తప్పకుండా కొట్టి, నవ్వుకుంటూ దిగివచ్చాడు. పళ్లెం అందుకున్న భార్య సంపూర్ణ ఉలిక్కిపడింది.

"ఏందయ్యా, గింత నెత్తురు కారుతాంది!"

పళ్లెం పగిలిన అంచు అతని కుడి అరచేతిని లోతుగా కోసింది.

"నొప్పి అనిపిస్తలేదా?"

"నువ్వు చెప్పేదాకా తెల్వలే," అన్నాడు ఆదాము.

పక్కనున్న తుమ్మచెట్టు ముల్లు విరిచి కుడి అరచేతిలో గుచ్చుకున్నాడు. సంపూర్ణ వద్దని చెయ్యి పట్టుకుని లాగుతున్నా, ఇంకా లోతుగా గుచ్చుకున్నాడు.