సత్తిబాబు బావగారి షార్డొనే

సత్తిబాబు నాలుక మీద పడ్డ ఏ పదార్థమూ ఇంతవరకూ గట్టెక్కలేదు. ఆదివారం వస్తే చాలు, అత్తాపూర్‌లో బస్సెక్కి శంషాబాద్‌లో తమ్ముడి భార్య రత్నమాల ఇంట్లో దిగేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెవులు కూడా కాస్త కదిలించి, "ఏదో తక్కువైందమ్మా" అనేవాడు.

"ఏం తక్కువైంది బావగారూ?"

"అదే తెలియడం లేదు. నువ్వు కాస్త తిని చూడు."

భర్త పోయినప్పటి నుంచి రత్నమాలకు అన్నం సయించేది కాదు. అయినా తన వంటకు వంక పెడితే ఊరుకునే మనిషి కాదు. చారు చూసేది, కూర చూసేది, పచ్చడి కలుపుకుని మరీ చూసేది. అన్నీ సరిగ్గానే ఉండేవి.

"మజ్జిగన్నంలో కూడా చూడమ్మా. ఒక్కోసారి అక్కడ బయటపడుతుంది" అనేవాడాయన.

కొత్త విమానాశ్రయం తెరిచిన మరుసటేడు, ఒక ఆదివారం ఆయన సంచిలో సీసాతో దిగాడు. అల్లుడు ఫణి ఆస్ట్రేలియా వెళ్ళి తెచ్చాడట. అక్కడెక్కడో మొగుడూ పెళ్ళాం ఇద్దరే చూసుకునే చిన్న ద్రాక్షతోటలో చేసిన తెల్ల వైను, పేరు షార్డొనే.

"దీనికి చేప జోడీ అన్నాడమ్మా ఫణి. కొరమీను వేపుడు చేస్తావా?"

కొరమీనంటే ఆమె భర్తకు ప్రాణం. ఆయన పోయాక ఆ ఇంట్లో చేప వాసనే లేదు. రత్నమాల కొంగు బిగించింది.

"చేస్తాను. ఈసారి వంక పెట్టారో, ఆ సీసాతోనే కడుపు నింపుకోవాలి మీరు!"

కింద వాటాలో ఉండే క్యాబ్ డ్రైవర్ బర్కత్ కొత్వాల్‌గూడ పోయి చేప తెచ్చాడు. వచ్చేసరికి సత్తిబాబు సీసా బిరడాతో కుస్తీ పడుతున్నాడు.

"ఏందన్నా, గా సీసా నిన్నేం జేసింది?"

చివరికి పచ్చడిబండతో ఒక్కటిస్తే బిరడా లోపలికే పోయింది. టీ వడగట్టుతో వడగట్టి, స్టీలు గ్లాసులో పోసుకుని, ఓ గుక్క పుక్కిలించి కళ్ళు మూశాడు. చెవులు కదిలాయి.

"ఏదో తక్కువైంది. పాపం, చిన్న తోటవాళ్ళు కదా, మొహమాటానికి ఎవరూ చెప్పి ఉండరు."

రత్నమాల ఒక ముక్క రుచి చూసుకుని మరీ వేపుడు తెచ్చింది. సత్తిబాబు నమిలాడు.

"ఏదో..."

"ఆగండి!" ఆమె తనకూ వడ్డించుకుని ఎదురుగా కూర్చుంది. "నేనూ తింటున్నా. ఏం తక్కువైందో ఇవాళ తేలాల్సిందే."

వైను ముట్టని బర్కత్ గడప దగ్గర చాయ్ తాగుతున్నాడు. "అక్కా, నాకొకటి సమజైతలేదు. మా ఇంట్ల రఫియా కిచిడీ మాడగొడితే, ఈ అన్న బాగున్నదని మల్ల అడిగి పెట్టించుకున్నడు. నీ ఇంట్లనే ఏంది గిట్ల?"

సత్తిబాబుకు పొలమారింది. "చాయ్ చల్లారుతోందోయ్, తాగు!" అని గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

రత్నమాల తన కంచం వైపు చూసుకుంది. నడిముల్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఇన్ని ఆదివారాలుగా ఆ కంచం ఇలాగే ఖాళీ అవుతోంది. ఆమె లేచి వెళ్ళి ఇంకో చిన్న గ్లాసు తెచ్చింది.

"నాకూ ఒక చుక్క పోయండి బావగారూ."

తాగి, చింతకాయ కొరికినట్టు మొహం పెట్టి, కళ్ళు మూసుకుంది.

"ఏదో తక్కువైంది."

"ఏంటమ్మా?"

"అదే తెలియడం లేదు. ఇంకొంచెం పోస్తే చూసి చెబుతాను."