ముల్లంగి మడిలో కండక్టరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన నోట "బస్సు నిండింది" అన్న మాట ఎవరూ వినలేదు. మెట్ల మీద వేలాడేవాడికి కూడా "లోపల బోలెడు ఖాళీ, జరగండి జరగండి" అని చెప్పేవాడు. ఆ ఖాళీ బస్సులో ఉన్నవాళ్ళెవరికీ కనిపించేది కాదు. ఆయనకు కనిపించేది. ఒకడి మోచేతికీ ఇంకొకడి డొక్కకీ మధ్య, ఒక లావుపాటి మనిషి ఊపిరి వదిలి మళ్ళీ పీల్చుకునేలోపు, అక్కడో మనిషిని ఇరికించేవాడు. తక్కిన కండక్టర్లు స్టాపులో జనాన్ని చూడగానే "వెనకో బండి ఖాళీగా వస్తోంది" అని అబద్ధమాడి రైట్ చెప్పేసేవాళ్ళు. ఆయన ఆ అబద్ధం ఒక్కసారి కూడా ఆడలేదు. డ్రైవర్లు తిట్టుకునేవాళ్ళు, ప్యాసింజర్లూ తిట్టుకునేవాళ్ళు, కానీ అందరూ ఇళ్ళకు చేరేవాళ్ళు.

రిటైరై ఇంటికొచ్చాక కథ తిరగబడింది. భార్య ముందుగదిలో బట్టలు కుడుతుంది. కొలతలిచ్చే ఆడవాళ్ళు వస్తే ఆయన కుర్చీ లోపలికి జరగాలి. లోపలిగదిలో జాకెట్టు గుడ్డలు పరిస్తే మంచం మీంచి జరగాలి. వంటింట్లోకి వెళితే పొయ్యి దగ్గర్నుంచి జరగాలి. "కొంచెం జరగండి" అన్న మాట జన్మకి సరిపడా అన్నవాడు ఇప్పుడు దాన్నే పొద్దస్తమానం వినాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆయన్ని జరగమనని చోటు ఒక్కటే, పెరడు. అక్కడ ఒక చాకిరేవు బండ, ఇటుక ముక్కలు కలిసిన మట్టి, బావమరిది తన దుకాణం నుంచి తెచ్చి పడేసిన బీటలు వారిన కమోడ్ ఉన్నాయి. దాని మీద కూర్చుని ఆయన పేపరు చదివేవాడు.

ఆ పెరటి మీదే బావమరిది కన్ను పడింది. అతను మేడ మీద వాటాలో ఉంటాడు. టైల్స్ దుకాణంలో సేల్స్‌మన్. కొత్తగా ఒక పాత కారు కొన్నాడు. వీధిలో పెడితే కాకులు దాన్ని వదిలిపెట్టడం లేదు.

"అక్కా, పెరడంతా సిమెంటు చేయించేస్తే కారు నిక్షేపంలా పట్టేస్తుంది. నీకూ బట్టలారేసుకోవడానికి శుభ్రంగా ఉంటుంది."

భార్య మిషను ఆపలేదు. నోట్లో గుండుసూదులుండగానే "ఊఁ" అంది. ఆ "ఊఁ" వినగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

"నేనక్కడ కూరగాయలు వేస్తున్నా" అన్నాడు. ఆ క్షణం దాకా ఆ సంగతి ఆయనకే తెలియదు.

మిషను ఆగింది. "మీరా?"

"బావా, నీకు టికెట్లు చింపడం తప్ప ఏం వచ్చు?" అన్నాడు బావమరిది.

"నువ్వు కారు కొన్నావు కదా, తోలడం వచ్చా?"

ఇద్దరూ గొంతు పెంచేసరికి ఆవిడ సూదులన్నీ తీసి దిండుకి గుచ్చి తీర్పు చెప్పింది. "చలి తగ్గింది. ఎండలు ముదిరేలోపు ఆ పెరట్లోంచి మన ముగ్గురికీ ఒక పూటకి సరిపడా కూర రావాలి. వస్తే పెరడు మీది. రాకపోతే వాడి కారుది. మధ్యలో ఎవరైనా నా దగ్గర ఈ గోల ఎత్తితే ఇద్దర్నీ కలిపి కత్తిరిస్తా."

విత్తనాల కొట్టతను ముల్లంగి అయితే తొందరగా వస్తుందన్నాడు. పొట్లం కట్టి ఇస్తూ, "దూరం దూరంగా వెయ్యండి. దుంప ఊరాలంటే చోటుండాలి" అన్నాడు. ఆయన అలాగే అన్నాడు. పలుగు పట్టి నడుం విరగ్గొట్టుకుని మడి తవ్వాడు. విత్తనాలు డ్యూటీలో వేసుకునే పాత తోలుసంచీలో పోసుకుని భుజాన తగిలించుకున్నాడు. బొటనవేలు నాలుకకి అద్ది, టికెట్టు తీసినట్టు ఒక్కొక్క గింజా తీసి మట్టిలో నొక్కాడు. మొదటి వరస అయ్యాక లేచి చూశాడు. గింజకీ గింజకీ మధ్య ఎంత ఖాళీ! ఇంకో నలుగురు హాయిగా పడతారు. మళ్ళీ వంగాడు. సంచీ దులిపితే ఏమీ రాలనంత వరకూ లేవలేదు.

అన్నీ మొలిచాయి. ఒక్క గింజ కూడా స్టాపులో మిగిలిపోలేదు. పొద్దున్నే మడి చివర బట్టల తాడు కట్టిన గుంజ పట్టుకుని, బస్సు కుదుపుకి తూలకుండా నిలబడ్డట్టు నిలబడి ఆ పచ్చటి రద్దీని చూసుకుని మురిసిపోయేవాడు.

భార్య వచ్చి చూసింది. "గడ్డి బాగా పెంచారు."

"ముల్లంగి."

"మరి పీకి పల్చన చెయ్యండి. ఇంత ఒత్తుగా ఉంటే దుంపెక్కడ ఊరుతుంది?"

"పీకడమేంటే? ఎక్కినవాళ్ళని దింపేస్తామా?"

ఆవిడ బట్టలు ఆరేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఆయనకో ఉపాయం తట్టింది. దింపనక్కర్లేదు, బండి మార్పిస్తే చాలు. తెల్లారి కొన్ని మొక్కల్ని పుల్లతో తవ్వి తీసి, నీళ్ళు కారే బకెట్‌లో, మూత పోయిన కుక్కర్‌లో, కమోడ్‌లో, బావమరిది పాత హెల్మెట్‌లో మట్టి నింపి నాటాడు. ముల్లంగికి మధ్యలో బండి మారడం గిట్టదని ఆయనకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికల్లా హెల్మెట్‌తో సహా అన్ని బళ్ళలోనూ తలలు వాల్చేశాయి. రెండు రోజులు గ్లాసుతో నీళ్ళు పోస్తూ తిరిగాడు గానీ లాభం లేకపోయింది. ఆ తరవాత మడిలో ఒక్క మొక్కని కూడా వేలితో ముట్టుకోలేదు.

బావమరిది రోజూ సాయంత్రం మేడ మీంచి వంగి పలకరించేవాడు. "బావా, ఫుట్‌బోర్డు మీద ఎంతమంది?" ఒకరోజు దిగొచ్చి, అడక్కుండా ఒక మొక్క పీకి పైకెత్తి చూపించాడు. కింద దారంలాంటి వేరు వేలాడుతోంది. "ఎలక తోక! దీంతో కూర ఎవరికి చేస్తారు, ఎలక్కా?"

"పెట్టెయ్. ఎక్కడ తీశావో అక్కడ పెట్టెయ్" అన్నాడు ఆయన. తమాషాకి అనలేదు.

ఎండలు ముదరబోతున్నాయి. ఫ్యాను వేసుకున్న మొదటి సాయంత్రమే బావమరిది సిమెంటు బస్తాలు దింపించాడు. మర్నాడు పొద్దున మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చి, పెరటి గుమ్మంలో టీ తాగుతూ కూర్చున్నాడు. ఆయన మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. భార్య తడిబట్టల బకెట్‌తో వచ్చింది.

"కొంచెం జరగండి" అంది.

అలవాటుగా అన్నదే, మనసులో ఏమీ లేదు. కానీ పెరట్లో ఆ మాట వినడం ఆయనకదే మొదలు. జరిగాడు. జరిగితే సిమెంటు బస్తా తగిలింది. బస్తా కింద కొన్ని మొక్కలు నలిగి, ముల్లంగి ఘాటు గుప్పుమంటోంది. నలిగిన ఆకు ఒకటి తీసి నమిలాడు. నాలుక చురుక్కుమంది. దుంప లేకపోయినా ముల్లంగే.

"ఏమే, ఈ ఆకు వండుకోవచ్చా?"

"లేతగా ఉన్నాయిగా, నిక్షేపంగా వండొచ్చు." బట్ట పిండుతున్న చెయ్యి ఆపింది. "కానీ పీకాలి. ఒకటీ అరా కాదు, సగం మడి. పీకుతారా?"

ఆయన లోపలికి వెళ్ళాడు. తోలుసంచీ భుజాన వేసుకుని వచ్చాడు. మడిలో అడుగుపెట్టి గొంతు సవరించుకున్నాడు.

"దిగాలి, దిగాలి. తోసుకోకండి. మధ్యలోవాళ్ళు కాస్త దారివ్వండి."

మొదటి మొక్క వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తరవాత వంగి, దానికి మాత్రమే వినపడేలా, "వెనకో బండి ఖాళీగా వస్తోంది" అన్నాడు. లాగాడు.

టీ గ్లాసు పట్టుకున్న మేస్త్రీ అడిగాడు. "అయ్యగారు ఎవరితో మాట్లాడుతున్నారమ్మా?"

"ప్యాసింజర్లతో" అందావిడ.

సంచీ నిండా ఆకు వంటింట్లోకి వెళ్ళింది. బాణలి అంచు దాటిన గుట్ట కాస్తా వేడి తగిలేసరికి గుప్పెడైంది. ఆవిడ కిటికీలోంచి బాణలి వంచి చూపించింది. "ఇది ఒక్కరికే." ఆయన మడిలోంచి మళ్ళీ కొందరిని దించాడు. మళ్ళీ గుప్పెడే అయింది. మూడోసారికి ఆయన అబద్ధం తడుముకోకుండా ఆడుతున్నాడు, అదీ తక్కిన కండక్టర్ల కంటే గట్టిగా.

భోజనాల దగ్గర ఆవిడ మూడు కంచాల్లోనూ గరిటెతో సమంగా వడ్డించింది. ఎవరి వాటా తక్కువా కాలేదు, బాణలిలో ఏమీ మిగలనూ లేదు. బావమరిది ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కరకరమని చప్పుడైంది.

"బావా, ఇసుక!"

"సిమెంటు నువ్వు తెచ్చావు, ఇసుక నేనిచ్చా. ఇంక మేస్త్రీని పిలిచి కలిపించుకో."

ఆవిడకి పొలమారింది. నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, తమ్ముడి వైపు చూసింది. "కంచం ఖాళీ చెయ్యి. తరవాత బస్తాలు మేడెక్కించు."

"అక్కా, ఇదసలు కూరేనా?"

"నేను వండానురా."

అతను ఇంకో మాట మాట్లాడకుండా తిన్నాడు. మేస్త్రీకి సగం కూలీ ముట్టింది. కారు వీధిలో కాకులకే మిగిలింది.

చెయ్యి కడుక్కుని ఆయన పెరట్లోకి వచ్చాడు. మడి ఎప్పుడూ లేనంత పల్చగా ఉంది. మిగిలినవి మోచేతులు తగలకుండా, సీటు దొరికినవాళ్ళ దర్జాతో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మట్టి కనిపిస్తోంది. ఎంత ఖాళీ! ఆయన తోలుసంచీ కుట్టులో గోరు పెట్టి కెలికాడు. అక్కడ ఇరుక్కుపోయిన గింజ ఒకటి దొరికింది. బొటనవేలు నాలుకకి అద్దాడు.

"ఏమండీ" వంటింటి కిటికీలోంచి భార్య గొంతు. "ఆ సంచీ ఇటివ్వండి."

ఇచ్చేశాడు. అప్పటికే ఒకడు ఎక్కేశాడు.