పొరపాటున చేయించిన సుత్తి

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం సెలవులన్నీ నేను ఎముకలు ఏరుకుంటానే గడిపినా... నిజం ఎముకలు కాదులెండి, గేమ్‌లోవి!

అప్పుడు మేము బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. సెలవులకి గూడూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు జాన్సన్ అన్న వచ్చినాడు. అన్నది తొమ్మిదో తరగతి, నాది ఆరు. వస్తా వస్తా వాళ్ళ చిన్నాన్న చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చిన గేమ్ తెచ్చినాడు. రెండు చేతుల్తో పట్టుకుని ఆడేది.

అందులో పెద్ద పెద్ద రాక్షస మృగాల్ని వేటాడాలి. వాటి గోళ్ళు, పొలుసులు, ఎముకలు తెచ్చి ఊళ్ళో కమ్మరి తాతకి ఇస్తే కత్తి చేసిస్తాడు. ఇంకాసిని తెచ్చిస్తే అదే కత్తిని ఇంకా పెద్దది చేస్తాడు.

వేటాడేది అన్న... ఏరేది నేను. గుహల్లో రాళ్ళు తవ్వి, చిన్న జంతువుల తోళ్ళు తీసి, ఏవి ఎన్ని ఉండాయో లెక్కల నోట్సు వెనక పేజీలో రాసుకునేదాన్ని.

పక్కనే చేటలో బియ్యం చెరుగుతా మా అవ్వ వినేది. "ఎముకలంటారు, తోలంటారు, తోక కొయ్యమంటారు... ఏం కూర మే ఇది?" అనేది.

అన్నకి ఒకటే ఆశ... ఎర్ర కత్తి. కమ్మరి దగ్గర దాని బొమ్మ ఊరిస్తా ఉంటుంది గానీ, అది చేయించాలంటే ఒంటికొమ్ము మృగం కొమ్ము కావాలి. ఎన్నిసార్లు చంపినా తోలొస్తుంది, గోళ్ళొస్తాయి... కొమ్ము మాత్రం రాదు. అన్నానికి ముందు అవ్వ ప్రార్థన చేస్తా ఉంటే, నేను కళ్ళు మూసుకుని "ప్రభువా, ఒక్క కొమ్ము" అని లోపల్లోపల కలిపేదాన్ని.

అన్న ఊరికి పోవడానికి నాలుగు రోజులుందనగా... వచ్చింది! ఇద్దరం మంచం మీద గంతులేసినాం. సరిగ్గా అప్పుడే కుళాయి వచ్చిందని అమ్మ కేకేసింది.

"చిట్టీ, నువ్వు పోయి కత్తి చేయించు. నేను నీళ్ళు పట్టుకొస్తా" అని అన్న బిందె తీసుకుని పరిగెత్తినాడు.

అంత పెద్ద పని నాకు అప్పజెప్పినాడే అని ఉబ్బిపోయి, పేరు కూడా చదవలా. జాబితాలో కొమ్ము గుర్తు కనబడింది... నొక్కేసినా. సరేనా అని అడిగితే సరే అన్నా. సేవ్ కూడా చేసేసినా.

తీరా చూస్తే కత్తి కాదు... సుత్తి! అదే కొమ్ముతో సుత్తి కూడా చేస్తాడని నాకేం తెలుసు, ఉన్న ఒక్క కొమ్మూ అయిపోయింది. రోకలికి కొమ్ము తగిలించినట్టు, ఎంత వికారంగా ఉందో.

అన్న వచ్చి చూసినాడు. తిట్టినా బాగుండేది... గేమ్ ఆపేసి, గూట్లో పెట్టి, బయటికి పోయినాడు. ఆరోజంతా నాతో మాట లేదు. నేను అవ్వ కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు.

పొద్దున్నే అవ్వ అన్నని పిలిచింది. "ఒరే అబ్బయ్యా, ఆ సుత్తేందో ఒకసారి ఎత్తి చూడరా. బిడ్డ నిన్నట్నుంచి సరిగ్గా తిండి తినలా."

అవ్వ మాట కాదనలేక మూతి ముడుచుకునే గేమ్ తీసి కూర్చున్నాడు. సుత్తి ఎత్తి దించేలోపే మృగం వచ్చి కుమ్మేస్తా ఉంది. రెండుసార్లు చచ్చినాడు. నాకు ఆగలా.

"అన్నా, అది దూకి ఆగుతుంది చూడు... అప్పుడు ముందుకు పోయి కొట్టు!"

విన్నాడు. ఈసారి దెబ్బ సరిగ్గా దాని నెత్తిన పడింది... అంత పెద్ద మృగం గిర్రున తిరిగి కింద పడి కాళ్ళు కొట్టుకుంటా ఉంది! అన్నిరోజులూ కత్తితో కాళ్ళూ తోకా నరికినాడే గానీ, తల జోలికి ఎప్పుడూ పోలేదు. ఇంకో నాలుగు దెబ్బలు... ఫట్‌మని కొమ్ము విరిగింది.

వేట అయినాక చూస్తే మాకొచ్చిన వాటిల్లో కొమ్ములు... రెండు! ఒంటికొమ్ము దానికి రెండెట్టా అంటే, గేమ్‌లో అంతే. తల పగలగొడితేనే అది సులువుగా వస్తుందని అప్పుడు తెలిసింది.

"చిట్టీ!" అని అన్న అరిచిన అరుపుకి, ఏ తేలు కుట్టిందో అని అవ్వ చేట వదిలేసి వచ్చింది.

ఎర్ర కత్తి చేయించినాం. మూడుసార్లు చదివి అన్నే నొక్కినాడు. అంత ఆశపడిన కత్తితో రెండు వేటలాడి పక్కన పెట్టేసినాడు... మిగిలిన రోజులన్నీ సుత్తే! స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కబోతా వెనక్కి తిరిగి, "అది నీ సుత్తి. ఎప్పటికీ కమ్మరి తాతకి అమ్మనులే" అన్నాడు. నాకు రైలు పోయిందాకా నవ్వే...

ఇప్పుడు అన్న గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేస్తా ఉండాడు. మా పిల్లోడు అట్లాంటి గేమే ఫోన్‌లో ఆడతాడు. దేన్ని ఎక్కడ కొడితే ఏమొస్తుందో ముందే వీడియో చూసేస్తాడు. మొన్న పక్కన కూర్చుని "ఏం ఆయుధం చేయించినావురా?" అని అడిగితే, "నీకు తెలీదులేమ్మా" అన్నాడు...

నాకు!

ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి మూల వాళ్ళది... పాపం వీళ్ళకి అలగడానికి కూడా పక్కన ఒక మనిషి లేడు.

మీ ఇంట్లో ఒక్క గేమ్ చుట్టూ ఎంతమంది మూగేవాళ్ళండీ? ఎవరి మీద అలిగేవాళ్ళు?