ఛార్జింగు ముల్లూ, నా కుడికాలూ

మే నెల, పదిహేడు, శుక్రవారం. హాజరు: నేను. జగ్గయ్యపేటలో లారీ ఉన్న మా బాబాయి (పొద్దున మాత్రమే). ఆ లారీ డ్రైవరు స్తోత్రం. బ్యాటరీ భాయ్ (పది నిమిషాలు). రేడియేటరు ముందు బిగించిన కరెంటు ఫ్యాన్లు, రెండు.

నా పాత డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో ఏ పని మొదలుపెట్టినా ముందు హాజరు వేసుకునే అలవాటుండేది నాకు. ఇప్పటికీ పోలేదు (మొన్న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కూడా వేశాను, హాజరు: నేను, డాక్టరు, దవడపన్ను). అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నందిగామ కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. ఏ ఇంటికి ఎన్ని బల్బులు, ఎన్ని ఫ్యాన్లు, అన్నీ కలిపితే ఎంత లోడు అని రాసుకు రావడమే నా పని. ఆ పని ఎంత బాగా వంటబట్టిందంటే, ప్రపంచంలో కూడికలు తీసివేతలతో తేలని విషయం లేదని గట్టిగా నమ్మేవాణ్ని. ఆ నమ్మకం ఏ ఇంటి మీదో పడి ఉంటే బాగుండేది. మా బాబాయి లారీ మీద పడింది.

లారీ ఇంజను చల్లగా ఉండటానికి రేడియేటరు వెనక ఒక పెద్ద రెక్కల ఫ్యాను ఉంటుంది. ఇంజను తిరిగినంతసేపూ బెల్టుతో అదీ తిరుగుతుంది, అవసరం ఉన్నా లేకపోయినా. దాన్ని తిప్పడానికి ఇంజను కొంత బలం, దానితోపాటు కొంత డీజిలు ఖర్చుపెడుతుంది. కొత్తగా వచ్చిన చిన్న కార్లలో కరెంటు ఫ్యాన్లు పెడుతున్నారనీ, వేడెక్కినప్పుడు మాత్రమే తిరుగుతాయనీ ఏదో పత్రికలో చదివాను. అంతే, మూడు వారాలు బాబాయిని నిద్రపోనివ్వలేదు. "నీ లెక్కలు కరెంటు స్తంభాలకి చెప్పుకోరా, నా లారీ జోలికి రాకు" అని ఆయన, "ఒక్కసారి కాగితం చూడు బాబాయ్" అని నేను. ఫ్యాన్లకి ఇంత కరెంటు, దీపాలకి ఇంత, వైపరుకి ఇంత, టేపు రికార్డరుకి ఇంత, మూడు రాగాలు పలికే హారనుకి ఇంత. అన్నీ కూడినా డైనమో మీద రాసి ఉన్న అంకె కంటే తక్కువే. చివరికి ఆయన "సరే, తగలెయ్" అన్నాడు. అది నా చెవికి అంగీకారంలాగే వినిపించింది.

పాడైన కార్ల నుంచి తీసిన ఫ్యాన్లు రెండు తెచ్చి జగ్గయ్యపేటలో బ్యాటరీ భాయ్ దగ్గర బిగించాం. ఆయనది కోదాడ వైపు ఊరు. పాత ఫ్యాను బోల్టులు విప్పుతూ, "డైనమో మీద రాసినంత ఎప్పుడిస్తది? ఇంజను జోరుగ తిరిగితే ఇస్తది. నిలబడ్డప్పుడు ఎంతిస్తదో చూసినవా?" అన్నాడు. చూస్తాను, చూసి రాసుకుంటాను అన్నాను. వారం రోజులు, సాయంత్రం ఆఫీసు కాగానే లారీ ఎక్కి, ఛార్జింగు చూపించే మీటరు ముందు కూర్చున్నాను. ముల్లు సున్నాకి కుడివైపుంటే బ్యాటరీకి కరెంటు చేరుతున్నట్టు, ఎడమవైపుంటే బ్యాటరీ నుంచి పోతున్నట్టు. నందిగామ దగ్గర కుడి. చిల్లకల్లు దగ్గర కుడి. రోడ్డు పక్కన ఆపి, ఫ్యాన్లు రెండూ వేసి, ఇంజను నడుస్తుండగా వంగి చూస్తే అప్పుడూ కుడే. డైరీలో నలభై ఒక్క అంకెలు రాశాను, ఒక్కటీ ఎడమ లేదు. ఆ శుక్రవారం పొద్దున భాయ్‌కి చూపిస్తే పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "రాత మంచిగుంది" అన్నాడు.

స్తోత్రం గురించి చెప్పాలి. అసలు పేరు అందరం మరిచిపోయాం. ఇంజను స్టార్టయిన ప్రతిసారీ "స్తోత్రం" అనేవాడు గనక ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ దాకా ఆయన పేరు అదే. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. మాట మెత్తన. మైలవరం దగ్గర ఆయన సొంతూళ్లో చర్చికి స్లాబు వెయ్యాలని రెండేళ్లుగా అనుకుంటున్నారు. అప్పటికి రెండుసార్లు ఆగిపోయింది. ఈసారి సెంట్రింగు కొట్టారు, ఇనుము కట్టారు, శనివారం తెల్లవారగానే మేస్త్రీలు వస్తామన్నారు. ఆ రోజు తప్పితే వానలు వెళ్లేదాకా దొరకమని కూడా చెప్పారు. శుక్రవారం పొద్దుగూకేలోపు సిమెంటు దింపుతానని స్తోత్రం ఊరందరి ముందు నిలబడి మాటిచ్చాడు. బాబాయి అందుకోసమే ఆ లోడు మా లారీకి రాయించాడు. నేను నా ఫ్యాన్ల ఘనత కళ్లారా చూసుకోవాలని సెలవు పెట్టి, పొద్దున్నే బాబాయికి చెప్పి బయల్దేరాను.

ఫ్యాక్టరీ ముందు లారీల వరస మైలు పొడవుంది. ఎండ అప్పుడే మొదలైంది. లైను కదిలినప్పుడల్లా స్టార్టు చేయడం, రెండు బారలు పోవడం, ఆపడం. ఆగినప్పుడు వేడి పెరిగితే ఫ్యాన్లు వేసి ఉంచమన్నాను. పదకొండో బండి తర్వాత అనుకుంటాను, స్తోత్రం తాళం తిప్పితే ఇంజను ముసలివాడు మంచం మీంచి లేవబోయినట్టు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఆయన స్తోత్రం అనలేదు.

వెనక లారీ డ్రైవరు దిగొచ్చాడు. కండువా తలకి చుట్టుకున్న భారీ మనిషి. తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి మా ఇంజను లేపాడు. "ఇదొక్కసారే. మళ్లీ ఆగితే మిమ్మల్ని దాటుకుని పోతా. సీరియలు పోయిందంటే రేపటిదాకా చోటు దొరకదు మీకు" అన్నాడు. అన్నంత పనీ చేసే మొహం.

అంటే ఇక ఇంజను ఆపకూడదు. ఆపకపోతే ఆ ఎండలో వేడెక్కుతుంది. వేడెక్కకూడదంటే ఫ్యాన్లు తిరగాలి. ఫ్యాన్లు వేసి మీటరు వైపు చూశాను. ముల్లు ఎడమవైపు ఒరిగి పడుకుని ఉంది.

"అన్నా, ఇదేంటి? చిల్లకల్లు దగ్గర నిలబెట్టి చూసినప్పుడు కుడివైపుందిగా! ఇదిగో, రాసుకున్నా" అని డైరీ తీశాను.

స్తోత్రం కాసేపు స్టీరింగు తుడిచాడు. "అప్పుడు నేను యాక్సిలేటరు తొక్కుతున్నా కదండీ."

"ఎందుకు తొక్కావ్?"

"మీరు వంగినప్పుడల్లా తొక్కేవాణ్నండీ. ముల్లు కిందకి పోతే మీ మొహం చిన్నబోతది బాబూ. మొదటి రోజు ఒకసారి సున్నా దాకా దిగింది, మీ మొహం చూడలేకపోయా."

"నలభై ఒక్కసార్లూ తొక్కావా?"

"లెక్కపెట్టలేదండీ. మీరే రాసుకున్నారుగా."

కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. కానీ ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. భాయ్ అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకి నా దగ్గర నలభై ఒక్క జవాబులున్నాయి, ఒక్కటీ పనికిరాదు. పైగా మధ్యలో ఊరివాళ్ల స్లాబు ఉంది. స్తోత్రం ఆ సంగతి ఎత్తలేదు గానీ లైను వైపూ సూర్యుడి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నాలో మొండితనం లేచింది. నిలబడి ఉన్నప్పుడు డైనమోకి జోరు లేకపోతే ఆ జోరు మనమే ఇద్దాం. "నువ్వు కాగితాలు పట్టుకుని గేటు కిటికీ దగ్గరికెళ్లు అన్నా. ఇక్కడ నేను తొక్కుతా" అన్నాను.

అలా నేను డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలేటరు మీద కుడికాలు పెట్టాను. కొంచెం తొక్కితే ముల్లు సున్నాకి వస్తుంది. ఇంకొంచెం తొక్కితే కుడివైపు వెంట్రుకవాసి జరుగుతుంది. మరీ తొక్కితే వేడి చూపించే రెండో ముల్లు లేస్తుంది. రెండు ముళ్ల మధ్య, అరికాలి కింద అంగుళం మేర చోటు. ఆ అంగుళంలో మధ్యాహ్నం దాకా బతికాను. లైను కదిలినప్పుడల్లా స్తోత్రం పరిగెత్తుకొచ్చి బండిని ముందుకు తీసుకెళ్లి మళ్లీ సీటు నాకు అప్పగించేవాడు. కాలు ముందు నొప్పెట్టింది, తర్వాత తిమ్మిరెక్కింది, ఆ తర్వాత నాది కాకుండా పోయింది. చేత్తో మోకాలిని అదిమి తొక్కాను. వెనక లారీ ఆయన కిటికీ దగ్గరికొచ్చి, "ఏం బాబూ, బండి కదలట్లేదు, నువ్వు మాత్రం తెగ తోలుతున్నావ్. కుట్టు మిషననుకున్నావా? నా చొక్కాకి గుండీలూడినయ్, కాస్త కుట్టిపెడతావా?" అన్నాడు. చుట్టూ నలుగురు నవ్వారు. నేను ముల్లు మీంచి చూపు తిప్పలేదు. (డీజిలు మిగల్చడానికి పెట్టిన ఫ్యాన్ల కోసం నిలబడ్డ బండిలో ఎంత డీజిలు కాల్చానో ఆ రోజు డైరీలో రాయలేదు. నా డైరీల్లో కావాలని వదిలేసిన అంకె అదొక్కటే.) కాసేపటికి ఆయనే వచ్చి మజ్జిగ గ్లాసు అందించాడు. ఒక చేత్తో తాగాను.

మూడు దాటాక లోడయింది. రోడ్డెక్కి గాలి తగలగానే ఫ్యాన్లు ఆపేశాం. ముల్లు దానంతటదే కుడికి వెళ్లి నిలబడింది, ఏమీ జరగనట్టు. ఇక మిగిలింది పొద్దుతో పందెం. చీకటి పడితే దీపాలు వెయ్యాలి, ఎక్కడైనా ఆగితే ఫ్యాన్లూ వెయ్యాలి, ఆ రెండూ మొయ్యడం మా బ్యాటరీ వల్ల కాదు. నందిగామ వచ్చాక స్తోత్రం, "దిగిపోండి బాబూ, ఇల్లొచ్చింది, కాలు చూడండి ఎట్టా వణుకుతుందో" అన్నాడు.

"సిమెంటు దింపేదాకా దిగనన్నా. దారిలో ఆగితే ఎవరు తొక్కుతారు?"

ఆయన నవ్వి గేరు మార్చాడు.

పడమట ఇంకా ఎరుపుండగానే చర్చి ముందు ఆగాం. ఊళ్లోవాళ్లు బస్తాలు దింపుకుంటుంటే నేను దిగబోయి, కాలు లేదన్న సంగతి మరిచి, సరాసరి ఇసక కుప్ప మీద కూలబడ్డాను.

మర్నాడు పొద్దున. హాజరు: నేను, స్తోత్రం, మేస్త్రీలు, ఊరు ఊరంతా. నేను లేచేసరికి స్లాబు పని సాగుతోంది. కాంక్రీటు గమేళాలు చేతులు మారుతూ నిచ్చెన మీదుగా పైకి వెళ్తున్నాయి. స్తోత్రం మాత్రం లారీ బానెట్టులో తల దూర్చి ఉన్నాడు. కుంటుకుంటూ వెళ్లి చూస్తే పాత రెక్కల ఫ్యాను దాని చోట్లో కూర్చుని ఉంది. నా ఫ్యాన్లు రెండూ కడిగి, గుడ్డ పరిచి, పక్కన పెట్టి ఉన్నాయి. ఖాళీ గోనెసంచి ఒకటి సీటు కింద నుంచి బయటికి వేలాడుతోంది.

"ఈ పాత ఫ్యాను ఎక్కడిదన్నా?"

"సీటు కిందే ఉందండీ. మొదటి రోజు నుంచీ."

"మరి నిన్న లైన్లో చెప్పలేదేం?"

"ఇంజను ఆపకుండా బిగించలేం కదండీ, ఆపితే సీరియలు పోద్ది." బోల్టు ఒక చుట్టు తిప్పి, తలెత్తకుండానే అన్నాడు. "అయినా మీరు తొక్కే తొక్కుడు చూసా. ఈ బాబు మన సిమెంటు చేరుస్తాడు అనుకున్నా."

ఊళ్లోవాళ్ల ట్రాక్టరు బ్యాటరీతో ఇంజను లేపాం. ఆయన "స్తోత్రం" అన్నాడు. నేను అలవాటు కొద్దీ డైరీ తీసి మీటరు మీదికి వంగాను. ఇంజను గొంతు కాస్త పెరిగింది.

"అన్నా, కాలు తియ్యి."

తీశాడు. ముల్లు మెల్లగా దిగి, సున్నాకి కుడివైపు ఒక గీత దూరంలో ఆగింది. ఇంకా దిగుతుందేమోనని చాలాసేపు చూశాను. దిగలేదు. నలభై రెండో అంకెగా "ఒకటి" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ పేజీ ఇప్పుడు పసుపురంగుకి తిరిగింది. ఓడిపోయిన మర్నాడు కూడా గీతలు స్కేలుతో గీసుకున్న ఆ కుర్రవాణ్ని చూస్తే నవ్వొస్తుంది. వాన పడే రోజుల్లో కుడిమోకాలు కాస్త పట్టేసినప్పుడు మరీను.